వాడకు మైదానమేది? వ్యాయామ విద్య ప్రవేశాలలో కనిపించని జల్లెడ

వైద్య, ఇంజనీరింగ్ సీట్ల గురించి మన సమాజం ఏటా చర్చిస్తుంది. నీట్ ర్యాంకులు, ఐఐటీ కటాఫ్‌లు, యాజమాన్య కోటా రుసుములు పత్రికల మొదటి పేజీలకు ఎక్కుతాయి. బీపీఎడ్, డీపీఎడ్ ప్రవేశాల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. పీఈసెట్ తేదీలు, ఫలితాలు విద్యా సమాచారపు మూలలో నాలుగు వాక్యాలతో ముగుస్తాయి. కార్పొరేట్ కళాశాలల ప్రకటనల్లో పీఈసెట్ ర్యాంకర్ల ఫోటోలు కనిపించవు. ఈ మౌనం యాదృచ్ఛికం కాదు. శరీరంతో చేసే పనిని మెదడుతో చేసే పనికంటే తక్కువగా చూసే కుల సమాజంలో, శరీరానికి సంబంధించిన విద్య కూడా తక్కువ విద్యగానే మిగిలిపోయింది. అందువల్లనే ఆ విద్యలోకి ఎవరు ప్రవేశిస్తున్నారు, ఎవరు ప్రవేశించలేకపోతున్నారు అన్న ప్రశ్న సామాజిక న్యాయ చర్చలోకి కూడా రాలేదు.

ఇప్పుడు ఆ ప్రశ్న వేయవలసిన సమయం వచ్చింది. ఉపాధ్యాయ విద్య స్వరూపాన్ని మార్చే ప్రయత్నాలు ఢిల్లీలో సాగుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, కొత్త ముసాయిదా నిబంధనలను వెలువరించింది. నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్యా కోర్సును వ్యాయామ విద్య, యోగా, సంస్కృతం, కళల విద్య వంటి ప్రత్యేక ధారలకు విస్తరించాలన్న ఆలోచన అందులో ఉంది. కోర్సు మారితే ప్రవేశ ద్వారమూ మారుతుంది. ద్వారం మారేటప్పుడు ఎవరు లోపలికి వస్తారో, ఎవరు బయట మిగులుతారో ముందే ఆలోచించకపోతే, తరువాత లెక్కపెట్టుకోవడానికి నష్టమే మిగులుతుంది.

ముందుగా నేటి నిబంధనలను చూద్దాం. రెండేళ్ల బీపీఎడ్‌కు ప్రాతిపదిక 2014 నాటి ఎన్‌సీటీఈ నిబంధనలు. ఏదైనా డిగ్రీలో 50 శాతం మార్కులు ఉండి, గుర్తింపు పొందిన పాఠశాల, జిల్లా లేదా అంతర కళాశాలల స్థాయి పోటీలలో కనీసం పాల్గొన్నవారు అర్హులు. రాష్ట్ర, జాతీయ లేదా అంతర విశ్వవిద్యాలయాల పోటీలలో పాల్గొన్నవారికి, కింది స్థాయి పోటీలలో మొదటి మూడు స్థానాలలో నిలిచినవారికి 45 శాతం చాలు. అంతర్జాతీయ పోటీలలో పాల్గొన్నవారికి, జాతీయ స్థాయిలో మొదటి మూడు స్థానాలు పొందినవారికి డిగ్రీ ఉంటే సరిపోతుంది. డిగ్రీలో వ్యాయామ విద్యను ఒక పాఠ్యాంశంగా చదివినవారికి, వ్యాయామ విద్యలోనే డిగ్రీ చేసినవారికి, మూడేళ్ల బోధనానుభవంతో సర్వీసు నుంచి డిప్యుటేషన్ మీద వచ్చేవారికి 45 శాతంతో వేరే మార్గాలున్నాయి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, వికలాంగ అభ్యర్థులకు మార్కుల శాతంలో సడలింపు, సీట్లలో రిజర్వేషన్ ప్రభుత్వ నియమాల ప్రకారం వర్తిస్తాయి.

పైకి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. ఆటలో ఎంత ఎదిగితే మార్కుల నిబంధన అంత సడలుతుంది. కానీ ఈ మెట్ల వరుసను నిదానంగా చదివితే ఒక విషయం బయటపడుతుంది. సామాజిక న్యాయం పేరుతో ఇచ్చిన సడలింపు మార్కులకే పరిమితం. క్రీడా ధ్రువపత్రానికి సడలింపు లేదు, దానికి ప్రత్యామ్నాయమూ దాదాపు లేదు. మార్కులు తక్కువైన దళిత విద్యార్థికి నియమం చేయి అందిస్తుంది. ధ్రువపత్రమే లేని దళిత విద్యార్థిని అది చూడనే చూడదు. డిగ్రీలో వ్యాయామ విద్యను పాఠ్యాంశంగా చదివే మార్గం ఉంది కదా అనవచ్చు. ఆ పాఠ్యాంశాన్ని బోధించే గ్రామీణ డిగ్రీ కళాశాలలు ఎన్నో చూస్తే ఆ మార్గం ఎంత ఇరుకో తెలుస్తుంది.

ధ్రువపత్రం ఎలా తయారవుతుంది? ఊరి బడికి మైదానం ఉండాలి. ఆ బడిలో వ్యాయామోపాధ్యాయుడు ఉండాలి. ఆయన జట్టును ఎంపిక చేసి మండల పోటీలకు, అక్కడి నుంచి జిల్లా పోటీలకు తీసుకెళ్ళాలి. ప్రయాణ ఖర్చు, బూట్లు, దుస్తులు ఎవరో ఒకరు సమకూర్చాలి. కూలి రోజులలో పిల్లవాడిని ఆటకు పంపగలిగే వెసులుబాటు ఇంట్లో ఉండాలి. ఆడపిల్లయితే, పొరుగూరిలో రాత్రి బస చేయడానికి కుటుంబం ఒప్పుకోవాలి. ఈ గొలుసులో ఒక్క కడియం తెగినా ధ్రువపత్రం రాదు. ఏ ఇంట్లో ఆ గొలుసు తెగడానికి ఎక్కువ అవకాశం ఉందో తెలుసుకోవడానికి పరిశోధన అక్కరలేదు.

ఇందులో కులానికి భౌగోళిక రూపం కూడా ఉంది. మన పల్లెల్లో ఊరు వేరు, వాడ వేరు. బడి, గుడి, పంచాయతీ కార్యాలయం, ఆటస్థలం ఎక్కువగా ఊరి వైపే ఉంటాయి. వాడలో ఇళ్ళ స్థలాలకే భూమి చాలదు, ఇక ఆటస్థలం మాట ఎక్కడిది? ఊరి మైదానంలో ఆడుకోవడానికి వెళ్ళిన వాడ పిల్లలకు ఎప్పుడు ఆడాలో, ఎవరితో ఆడాలో, ఎవరు జట్టు నాయకుడో ఎవరూ రాసి పెట్టకపోయినా తెలుస్తూనే ఉంటుంది. సంక్రాంతికి, ఉగాదికి ఊళ్ళలో జరిగే కబడ్డీ, వాలీబాల్ పోటీలలో అణగారిన కులాల యువకులు మెరుస్తారు. బహుమతిగా వచ్చిన కప్పు ఇంటి గూట్లో ఉంటుంది. కానీ ఆ పోటీకి స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ గుర్తింపు లేదు, విశ్వవిద్యాలయ సంఘం గుర్తింపు లేదు. ప్రవేశ నిబంధన దృష్టిలో ఆ యువకుడు ఏనాడూ ఆడనివాడే.

అంటే, రిజర్వేషన్ ద్వారం దగ్గర నిలబడి ఉంటుంది. జల్లెడ ద్వారానికి చాలా ముందే పట్టబడుతుంది. జల్లెడ దాటి వచ్చినవారికే రిజర్వేషన్ దక్కుతుంది. దాటనివారి లెక్క ఏ కౌన్సెలింగ్ పట్టికలోనూ ఉండదు.

అవకాశం అందితే ఏమవుతుందో తెలుగు నేల మీదే ఉదాహరణ ఉంది. 2014 మే 25న 13 ఏళ్ల మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. ఆ విజయం వెనుక వారి పట్టుదల ఎంత ఉందో, ఒక ప్రభుత్వ సంస్థ కావాలని కల్పించిన శిక్షణ, ఆహారం, ఎంపిక, ప్రోత్సాహం అంతే ఉన్నాయి. అంతవరకు ఆ పిల్లలకు లేనిది సామర్థ్యం కాదు, దానిని బయటికి తెచ్చే ఏర్పాటు. గురుకులాలలో సీటు దొరకని పిల్లలకు నేటికీ ఆ ఏర్పాటు లేదు. ప్రవేశ నిబంధన మాత్రం అందరికీ ఆ ఏర్పాటు ఉన్నట్లే ప్రవర్తిస్తుంది.

మన రెండు రాష్ట్రాలలో ర్యాంకును ప్రధానంగా నిర్ణయించేది పీఈసెట్. అందులో శారీరక సామర్థ్య పరీక్షకు 400 మార్కులు, ఆట నైపుణ్య పరీక్షకు 100 మార్కులు. వంద మీటర్ల పరుగు, షాట్‌పుట్, లాంగ్‌జంప్ లేదా హైజంప్ అందరికీ ఉంటాయి. వీటితోపాటు పురుషులకు 800 మీటర్లు, మహిళలకు 400 మీటర్ల పరుగు. నైపుణ్య పరీక్షకు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ మొదలుకొని క్రికెట్, టెన్నిస్, షటిల్ వరకు అభ్యర్థి తనకు నచ్చిన ఆటను ఎంచుకోవచ్చు.

ఈ పరీక్షకు ఒక మేలైన గుణం ఉందని ఒప్పుకోవాలి. ఇక్కడ ఇంగ్లీషు అడ్డు రాదు. లక్షల రుసుము వసూలు చేసే కోచింగ్ కేంద్రం అక్కరలేదు. పొలంలో, అడవిలో, పశువుల వెంట తిరిగి గట్టిపడిన శరీరానికి ఇక్కడ విలువ దక్కే అవకాశం ఉంది. వృత్తి విద్యా ప్రవేశ పరీక్షలలో బహుజన గ్రామీణ యువత తన సొంత బలంతో నిలబడగలిగినవి తక్కువ. పీఈసెట్ వాటిలో ఒకటి. అందుకే దీనిని తేలికగా తీసివేయాలని ఎవరూ కోరకూడదు.

అయినా బలం వేరు, మెళకువ వేరు. షాట్‌పుట్‌ను భుజబలంతోనే విసరలేము. పాదం కదలికను, నడుము మలుపును ఎవరో నేర్పాలి. లాంగ్‌జంప్‌లో పలక మీద సరిగ్గా అడుగు పడాలంటే పదులసార్లు కొలిచి పరుగెత్తి ఉండాలి, దూకడానికి ఇసుక గుంట ఉండాలి. హైజంప్‌కు పరుపు కావాలి. వంద మీటర్ల ఆరంభాన్ని గతుకుల రోడ్డు మీద సాధన చేసినవాడు, ట్రాక్ మీద సాధన చేసినవాడితో సమానం కాలేడు. గడియారం ఇద్దరికీ ఒకటే. ఆ గడియారం దాకా వచ్చిన దారులు మాత్రం ఒకటి కావు.

మహిళా అభ్యర్థుల విషయంలో దీనికి మరో పొర ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. దేశం మొత్తంలో చూస్తే ఎస్టీ మహిళలలో ఈ శాతం మిగిలిన సామాజిక వర్గాలకంటే ఎక్కువ. నాలుగు వందల మీటర్ల పరుగులో చివరి వంద మీటర్ల దగ్గర ఆగిపోయిన గిరిజన యువతి దగ్గర మనం కొలిచింది ఆమె బోధనా సామర్థ్యాన్నా, ఆమె ఇంటి పళ్ళేన్నా? ఆరోగ్య విద్యను బోధించవలసిన ఉపాధ్యాయులను ఎంపిక చేసే పరీక్ష, ఆరోగ్య అసమానతనే అర్హతకు కొలమానంగా మార్చడం ఎంత విడ్డూరం!

చరిత్రలోకి చూస్తే ఈ వైరుధ్యం కొత్తది కాదు. పల్వంకర్ బాలూ ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో దేశంలోనే మేటి బౌలర్. చర్మకార కుటుంబంలో పుట్టినవాడు. పూనాలో మైదానం పనులు చేస్తూ, శ్వేత జాతి ఆటగాళ్ళకు బంతులు వేస్తూ ఆట నేర్చాడు. 1911లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టు తరఫున వందకు పైగా వికెట్లు తీశాడు. హిందూ జట్టుకు ఆయన బంతి కావలసి వచ్చింది, కానీ విరామంలో ఆయనకు టీ వేరే పాత్రలో, మిగతావారికి దూరంగా ఇచ్చారు. నాయకత్వం ఆయనకు ఎన్నడూ దక్కలేదు. చివరికి 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు ఆ జట్టు నాయకత్వం వచ్చింది. అణగారిన శరీరపు శ్రమను వాడుకోవడానికి కుల వ్యవస్థకు అభ్యంతరం లేదు. ఆ శరీరం ఇతరులకు నేర్పే స్థానంలో, నడిపించే స్థానంలో నిలబడితేనే అభ్యంతరం. ఆటగాడికీ ఆచార్యుడికీ మధ్య కులం గీసిన గీత అది. ప్రవేశ నిబంధనల చర్చ నిజానికి ఆ గీత గురించే.

వ్యాయామోపాధ్యాయుడి స్థానాన్ని మన విద్యా చట్టాలే ఎలా చూస్తున్నాయో గమనించాలి. 2009 నాటి విద్యా హక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. కానీ ఆరు నుంచి ఎనిమిది తరగతులలో ఆరోగ్య, వ్యాయామ విద్యకు అది కోరింది పూర్తికాలపు ఉపాధ్యాయుడిని కాదు. వందకు మించి పిల్లలున్న చోట పార్ట్‌టైం బోధకుడు ఉంటే చాలంది. చట్టమే సగం కొలువు అన్నదానిని బడి నిండు కొలువుగా ఎలా గౌరవిస్తుంది? తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే అందులో పీఈటీ పోస్టులు 182. స్కూల్ అసిస్టెంట్ హోదాలోని వ్యాయామ విద్య పోస్టులు వీటికి అదనం, నిజమే. అయినా వేల బడులున్న రాష్ట్రంలో ఈ సంఖ్య ఏం చెబుతుందో వేరే వివరించనక్కరలేదు. పీఈటీ లేని బడిలో ధ్రువపత్రం పుట్టదు. ధ్రువపత్రం లేని పిల్లవాడు పీఈటీ కాలేడు. వలయం ఇలా పూర్తవుతుంది. దాని నడుమ చిక్కుకున్నది ప్రభుత్వ బడినే నమ్ముకున్న కులాల పిల్లలు.

మరో వైరుధ్యం ఉద్యోగం దగ్గర ఎదురవుతుంది. కోర్సులో చేరడానికి పరుగు, దూకుడు, విసురు చూస్తారు. తెలంగాణ డీఎస్సీలో పీఈటీ ఉద్యోగానికి వంద మార్కుల రాతపరీక్ష పెడతారు. శరీరాన్ని చూసి చేర్చుకున్నవారిని కాగితాన్ని చూసి వడపోస్తారు. కోర్సు నడుస్తున్న రెండేళ్ళలో శరీర ధర్మశాస్త్రం, మనోవిజ్ఞానం, బోధనా పద్ధతులు తెలుగులో మంచి పుస్తకాలతో, అనుభవజ్ఞులైన అధ్యాపకులతో నేర్పితే ఈ వైరుధ్యం కొంతైనా తగ్గేది. ప్రైవేటు కళాశాలలలో ఆ బోధన ఏ స్థాయిలో జరుగుతుందో విద్యార్థులకు బాగా తెలుసు. పైగా ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయినప్పుడు కోర్సు పూర్తి చేసినవారి ధ్రువపత్రాలు కళాశాలల బీరువాలలోనే ఉండిపోతాయి. రుసుము సొంతంగా చెల్లించగలిగినవాడు పత్రం పట్టుకుని డీఎస్సీకి దరఖాస్తు చేస్తాడు. చెల్లించలేనివాడు మరుసటి నోటిఫికేషన్ దాకా ఆగుతాడు.

ఈ నేపథ్యంలో నాలుగేళ్ల సమీకృత కోర్సు ప్రతిపాదనను చూడాలి. ఇంటర్ తరువాత నేరుగా ఉపాధ్యాయ విద్యలో చేరడం, డిగ్రీకి మూడేళ్లు, బీపీఎడ్‌కు రెండేళ్లు కలిపి అయిదేళ్లు పట్టేచోట నాలుగేళ్ళలో ముగియడం పేద కుటుంబాలకు మేలే. ఒక ఏడాది ఆదా కావడం చిన్న విషయం కాదు. అయితే ఇప్పుడు నడుస్తున్న సమీకృత కోర్సులకు ప్రవేశం జాతీయ స్థాయిలో కంప్యూటర్ ఆధారిత పరీక్ష ద్వారా జరుగుతోంది. తెలుగుతో సహా 13 భాషలలో ఆ పరీక్ష ఉన్నా, దాని స్వభావం రాతపరీక్షదే. వ్యాయామ విద్యకు కూడా అదే తరహా ద్వారం పెడితే, బహుజన యువతకు మిగిలిన కొద్ది అనుకూలత కూడా పోతుంది. మైదానం తెరిచిన కాస్త దారిని కోచింగ్ కేంద్రం మూసివేస్తుంది. మరోవైపు, రాతపరీక్ష మీద ధ్రువపత్రాల నిబంధనను కూడా కొనసాగిస్తే రెండు జల్లెడలు ఒకదాని కింద ఒకటి పెట్టినట్లవుతుంది.

ఇక్కడ ప్రతిభావాదుల అభ్యంతరం తప్పక వస్తుంది. ఆడలేనివాడు ఆట ఏం నేర్పుతాడు, పరుగెత్తలేనివాడిని వ్యాయామోపాధ్యాయుడిగా చేస్తే పిల్లలకు నష్టం కాదా అని అడుగుతారు. ఇది గౌరవించవలసిన ప్రశ్నే. బడి పిల్లలకు అర్హత లేని బోధకుడిని అంటగట్టాలని సామాజిక న్యాయవాదులెవరూ కోరరు, ఎందుకంటే ఆ బడులలో చదివేది వారి పిల్లలే. ప్రశ్న అర్హత ఉండాలా వద్దా అన్నది కాదు, ఏది అర్హత అన్నది. బడిలో వ్యాయామోపాధ్యాయుడి పని పతకం తేవడం ఒక్కటే కాదు. నలభై మంది పిల్లలలో బలహీనుడిని కూడా ఆటలోకి తేవాలి. వాడ పిల్లనూ ఊరి పిల్లనూ ఒకే జట్టులో నిలపాలి. రుతుస్రావం, పోషణ, వ్యసనాల గురించి సిగ్గు లేకుండా మాట్లాడాలి. ఈ పనికి కావలసిన ఓర్పు, గమనిక, సమభావం ఏ గడియారంలోనూ నమోదు కావు. వంద మీటర్లను ఒక సెకను తక్కువలో పరుగెత్తినవాడు మంచి ఉపాధ్యాయుడు అవుతాడనడానికి ఆ సెకను సాక్ష్యం కాదు.

సుప్రీంకోర్టు 2022 జనవరిలో నీట్ అఖిల భారత కోటాలో ఓబీసీ రిజర్వేషన్‌ను సమర్థిస్తూ ఇచ్చిన తీర్పు ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. పోటీ పరీక్షలో వచ్చిన మార్కులే ప్రతిభ కాదని, ఆ మార్కుల వెనుక ఉన్న సామాజిక, ఆర్థిక, సాంస్కృతిక అనుకూలతలను చూడకుండా ప్రతిభను నిర్వచించలేమని ఆ తీర్పు సారాంశం. డాక్టరు కాబోయేవాడి రాతపరీక్షకు వర్తించిన ఈ తర్కం, వ్యాయామోపాధ్యాయుడు కాబోయేవాడి పరుగుకు, పత్రానికి వర్తించకపోవడానికి కారణం లేదు.

కాబట్టి ఏం చేయాలి? మొదటిది, లెక్కలు బయటపెట్టాలి. పీఈసెట్‌కు దరఖాస్తు చేసినవారు, హాజరైనవారు, ర్యాంకు పొందినవారు, చేరినవారు, కోర్సు పూర్తి చేసినవారు, ఉద్యోగం పొందినవారు ఎవరెవరో కులవర్గాల వారీగా, స్త్రీ పురుషుల వారీగా ఏటా ప్రకటించాలి. రెండు రాష్ట్రాలలోనూ ఎస్సీ వర్గీకరణ చట్టపరంగా అమలులోకి వచ్చిన తరువాత ఈ అవసరం ఇంకా పెరిగింది. తెలంగాణలో 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా విభజించి 1, 9, 5 శాతాల చొప్పున కేటాయించారు. అత్యంత వెనుకబడిన గ్రూపుకు చెందిన అభ్యర్థులు అసలు మైదానం దాకా వస్తున్నారో లేదో తెలియకుండా వారికి కేటాయించిన వాటా కాగితం మీదే ఉండిపోతుంది.

రెండవది, ధ్రువపత్రం నిర్వచనాన్ని విస్తరించాలి. మండల స్థాయి పోటీలను, గురుకులాల మధ్య పోటీలను, ప్రభుత్వ శాఖల ఆధ్వర్యంలోని గ్రామీణ, గిరిజన క్రీడలను స్పష్టంగా గుర్తించాలి. పత్రం లేనివారికి ప్రవేశ పరీక్షలోని నైపుణ్య ప్రదర్శననే ప్రత్యామ్నాయంగా అంగీకరించాలి. కళ్ళ ముందు ఆడి చూపించినవాడిని, ఎప్పుడో ఆడినట్లు కాగితం తెమ్మనడంలో అర్థం లేదు.

మూడవది, పరీక్షకు ముందు సిద్ధపడే అవకాశం ఇవ్వాలి. నీట్, గ్రూప్స్ పరీక్షలకు స్టడీ సర్కిళ్ళలో ఉచిత శిక్షణ ఇస్తున్న ప్రభుత్వాలు పీఈసెట్‌కు కూడా జిల్లా స్టేడియాలలో మూడు నెలల శిక్షణను భోజన వసతితో ఇవ్వగలవు. దానికి కొత్త భవనాలు అక్కరలేదు, ఉదయం సాయంత్రం ట్రాక్ తలుపులు తెరిస్తే చాలు. అభ్యర్థినులకు రక్తహీనత పరీక్ష, చికిత్స ఆ శిక్షణలో భాగం కావాలి.

నాలుగవది, ర్యాంకు లెక్కలో బోధనకు చోటివ్వాలి. ఒక ఆటను పది మంది పిల్లలకు పరిచయం చేసి చూపమని అడిగే చిన్న బోధనా పరీక్షకు నూరు మార్కులు కేటాయిస్తే, ఉపాధ్యాయుడిని ఎంపిక చేస్తున్నామన్న స్పృహ ప్రవేశంలోనే మొదలవుతుంది. అది తెలుగులో జరగాలి. సమీకృత కోర్సు వచ్చినా ఈ మైదాన భాగాన్ని, బోధనా భాగాన్ని రాతపరీక్షకు బలిపెట్టకూడదని రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్ళు ఎన్‌సీటీఈకి లిఖితపూర్వకంగా చెప్పాలి.

అయిదవది, ప్రతి ఉన్నత పాఠశాలలో పూర్తికాలపు వ్యాయామోపాధ్యాయుడిని నియమించాలి. ఇది లేకుండా పై నాలుగూ పైపూతలే. వలయం తెగవలసింది ఇక్కడే.

విద్యార్థి సంఘాలు ఫీజుల కోసం, హాస్టళ్ళ కోసం, ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఉద్యమిస్తున్నాయి. ఆ జాబితాలో మైదానాన్ని కూడా చేర్చాలి. రిజర్వేషన్ శాతాన్ని కాపాడుకోవడం ఎంత అవసరమో, ఆ శాతం దాకా చేరనివ్వని నిబంధనలను చదివి ప్రశ్నించడం అంతే అవసరం. కొత్త నిబంధనలు ఖరారయ్యాక నిరసన తెలపడం కంటే, అవి రూపుదిద్దుకుంటున్నప్పుడే వాడ పిల్లల తరఫున ఒక వాక్యాన్ని వాటిలో రాయించగలగడం పెద్ద విజయం. మైదానంలో చోటు అడగడమంటే ఆటకు చోటు అడగడం మాత్రమే కాదు. రేపు ఆ మైదానంలో ఈల పట్టుకుని అందరి పిల్లలనూ ఒకే వరుసలో నిలబెట్టే హక్కును అడగడం.